కుండీ కింది నీళ్ళు

జూన్ 4

వదినా,

ఆపరేషన్ అయిన చెవి దగ్గర ఫోన్ పెట్టుకోవద్దని నీకు డాక్టర్లు చెప్పారట, అన్నయ్య అన్నాడు. అందుకని ఇలా కాగితం మీద పడ్డాను. ఒకందుకు ఇదే నయం. ఫోన్లో అయితే నువ్వు నన్ను ఒక్క ముక్క పూర్తి చేయనివ్వవు.

ముందుగా నీ పిల్లల క్షేమం. మీరు ఇల్లు మారేటప్పుడు లారీలో చోటు చాలక, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ నాకు అప్పజెప్పావే, ఆ పదకొండు కుండీలూ పచ్చగా ఉన్నాయి. నా గదికి వెలుతురు తక్కువ కదా, మూడింటిని మాత్రం దగ్గర ఉంచుకుని, ఎనిమిదింటిని మా కళ్ళాసుపత్రిలో, రోగులు కూర్చునే హాల్లో కిటికీ వెంట వరసగా పెట్టాను. డాక్టరమ్మగారు చూసి, "బాగుందే, కళ్ళకు హాయిగా ఉంది" అన్నారు. పదేళ్ళుగా ఆ కౌంటర్లో కూర్చుని చీట్లు రాస్తున్నాను. ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఆ రోజు నేను భోజనం కూడా సరిగ్గా చేయలేదు, పొంగిపోయి.

నువ్వు చెప్పినట్టే టీ పిప్పి వేస్తున్నాను. మా ఆసుపత్రిలో తొమ్మిది మందికీ పూటకో టీ, వడకట్టిన పిప్పంతా నీ మొక్కలకే. నీళ్ళు రోజూ పోస్తున్నాను. ఎండు మొహం చూడనివ్వలేదు.

ఒక్కటే చిరాకు. హాల్లో నుసుములు ముసురుతున్నాయి. దోమ కాదు, ఈగ కాదు, ఆవగింజలో సగం ఉంటుంది. కుట్టదు, కరవదు, మొహం ముందు ఎగురుతూ ఉంటుంది. మొన్న ఒక పెద్దాయన వచ్చాడు, దర్జీ. "కళ్ళ ముందు నల్ల చుక్కలు తేలుతున్నాయమ్మా" అన్నాడు. డాక్టరమ్మగారు కంట్లో మందు వేసి గంట కూర్చోబెట్టి, లోపలంతా చూసి, ఏమీ కనిపించక, దేనికైనా మంచిదని రెండు నెలల తర్వాత రమ్మన్నారు. ఆయన దిగులుగా వెళ్ళిపోయాడు. అరగంట తర్వాత డాక్టరమ్మగారే తన ముక్కు ముందు చేత్తో విసురుకుంటూ బయటికి వచ్చి, "అవి ఆయన కళ్ళలో చుక్కలు కావు, ఈ పురుగులే. పిలిచి చెప్పు పాపం" అన్నారు. చెప్పాలనే ఫోన్ తీశాను. ఆసుపత్రిలో పురుగులున్నాయని నా నోటితో ఎలా చెప్పను? నామోషీగా అనిపించి పెట్టేశాను. ఎలాగూ రెండు నెలలకు వస్తాడుగా.

ఇదంతా మా ఆయమ్మ నిర్వాకమని నా అనుమానం. ఆరేళ్ళుగా హాలు ఊడ్చి తుడుస్తోంది, ఈ మధ్య మూలల్లో చేయి పడటం లేదు. పైగా నా కుండీల జోలికొస్తుంది. కింద పళ్ళేల్లో నిలిచిన నీళ్ళు చూస్తే చాలు, తీసుకెళ్ళి పారబోస్తుంది. "మొక్క దాహం తీరకముందే లాక్కుంటావేం" అని రెండుసార్లు కసిరాను. ఏదో చెప్పబోయింది, నిలవ నీళ్ళనీ పురుగనీ. కౌంటర్ దగ్గర జనం, నాకు వినే తీరిక ఎక్కడిది? శుభ్రం సరిగ్గా లేదండీ అని డాక్టరమ్మగారి చెవిన వేశాను. ఏదో ఒకటి చెప్పాలి కదా.

వీటికి నీ దగ్గర చిట్కా ఉంటే రాయి. అన్నయ్యను అడిగానని చెప్పు.

నీ ఆడపడుచు

---

జూన్ 13

చిన్నీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, నా చెవి ఎలా ఉందని ఎక్కడైనా అడిగావేమోనని. మొదటి వాక్యంలో చెవి ఉంది, తర్వాత అంతా పురుగులే. సరేలే. కుడి చెవిలో దూది పెట్టుకుని తిరుగుతున్నాను. రాత్రి పగలు లోపల కుక్కర్ ఈల వేస్తున్నట్టు ఉంటుంది. మీ అన్నయ్య ఏం చెప్పినా "ఊఁ" అంటున్నాను. మొన్న అలాగే ఊఁ అంటే తన స్నేహితుల్ని నలుగురిని భోజనానికి తీసుకొచ్చాడు.

ఇక నీ నుసుములు. అవి మొక్కల్లోంచి వచ్చాయని నువ్వు రాయలేదు గానీ, చిట్కా నన్ను అడిగావంటే ఆ అనుమానం లేకుండా అడగవు. పదిహేనేళ్ళు పెంచాను వాటిని. మన చుట్టాల్లో ఎవరింట్లో మొక్క చిగురు వేసినా అది నా టీ పిప్పి చలవే అంటారు, నీకూ తెలుసు. ఇక్కడ కొత్తింట్లో వంటింటి కిటికీలో రెండు కుండీలు పెట్టుకున్నాను. ఒక్క పురుగు ఉంటే ఒట్టు.

కాబట్టి తప్పు నా కుండీలది కాదు. చీపురు పట్టిన చేతిది. తుడుపుగుడ్డ బకెట్ ఎక్కడ పెడుతుందో చూడు, చెత్తబుట్ట ఎన్నాళ్ళకు కడుగుతుందో చూడు. మురికి లేని చోట పురుగుకు ఏం పని? ఆ మాట మీ డాక్టరమ్మతో గట్టిగా చెప్పు. నువ్వు మెత్తగా చెబితే నీ మీదకే వస్తుంది.

మొక్కలు చోటు మారితే బెంగ పెట్టుకుంటాయి. పిప్పి ఇంకాస్త ఎక్కువే వెయ్యి. నీళ్ళు తగ్గించకు. పళ్ళెంలో నీళ్ళు ఉండనివ్వు, కింది వేళ్ళు తాగుతాయి.

మీ అన్నయ్య నిన్ను అడిగానని చెప్పమన్నాడు. అడగలేదు, నేనే రాశాను.

వదిన

---

జూన్ 27

వదినా,

నీ మాట ప్రకారమే చేశాను. డాక్టరమ్మగారికి గట్టిగానే చెప్పాను. ఆయమ్మ మానేసింది.

అదేం పెద్ద సంగతి కాదు. పని చేసేవాళ్ళు వస్తుంటారు, పోతుంటారు. వయసు కూడా మీద పడుతోంది, మోకాళ్ళు పట్టేస్తున్నాయని తనే చాలాసార్లు అంది. నేను పొమ్మనలేదు. ఎవరూ పొమ్మనలేదు. తనే పోయింది. ఇప్పుడు ఒక కంపెనీ వాళ్ళు రోజుకో మనిషిని పంపుతున్నారు. నీలం చొక్కా, చేతికి తొడుగులు, మందు వాసన వేసే నీళ్ళతో తుడుస్తారు. కుండీల జోలికి రారు. వాళ్ళ కాగితంలో కుండీల ప్రస్తావన లేదట.

ఈ కాగితం కొని నాలుగు రోజులైంది. రాయడానికి ఇవాళే కుదిరింది. గదిలో పంపు చెడిపోయింది, ఇంటామె రేపు రేపు అంటోంది. బస్సు వేళలు మార్చారు. పక్కగదిలో నర్సు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది, గోడకు అవతల ఎవరూ లేకపోతే అదో రకంగా ఉంటుంది. ఏవేవో రాస్తున్నాను కదూ.

నుసుములు తగ్గలేదు వదినా. ఆయమ్మ పోయాక తగ్గాలి కదా. రెండింతలయ్యాయి. నా చీట్ల పుస్తకం తెరిస్తే పేజీకొకటి నలిగి ఉంటుంది. కళ్ళు పరీక్షించే మిషన్ గాజు మీద వాలుతున్నాయి. నిన్న ఆపరేషన్ చేయించుకున్న ఒక ముసలావిడ కట్టు మీద మూడు వాలాయి. వాళ్ళమ్మాయి చూసి ఎంత గోల చేసిందో. డాక్టరమ్మగారు నన్ను లోపలికి పిలిచి, "ఇవి ఎక్కడి నుంచి వస్తున్నాయో వచ్చే నెలాఖరులోగా నాకు తెలియాలి" అన్నారు. ఆయమ్మ ఉంటే ఆయమ్మ వైపు చూసి అనేవారు. ఇప్పుడు నా వైపే చూశారు.

ఒకమాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. మొక్కల్ని కొన్నాళ్ళు ఎవరికైనా ఇచ్చి చూడనా? మా ఆసుపత్రి కళ్ళజోళ్ళాయనకు ఇంటి మేడ మీద ఖాళీ స్థలం ఉంది. ఊరికే, ఏం జరుగుతుందో చూద్దామని.

నీ ఆడపడుచు

---

జూలై 6

ఆడపడుచుగారికి,

తమరి అభిప్రాయం అర్థమైంది. ఇంత దూరం తిరగక్కర్లేదు. నీ మొక్కలు నాకు బరువయ్యాయి వదినా అని ఒక్క వాక్యంలో రాయొచ్చు.

నేను కాపురానికి వచ్చినప్పుడు నువ్వు ఏడో తరగతి. జడ వేయించుకోవడానికి పీట తెచ్చుకుని నా ముందు కూర్చునేదానివి. ఆ మొక్కల్లో పొడుగాకులది మీ అమ్మ చేత్తో ఇచ్చింది. చెట్టు చేమా పెంచడం చేతకాని కోడలని నలుగురిలో అంటుంటే ఆవిడే తెచ్చి నా చేతిలో పెట్టింది. దాన్ని కళ్ళజోళ్ళాయన మేడ మీద పెడతానంటావు. పెట్టు. నీ చేతిలో ఉంది, నీ ఇష్టం.

ఆ ఆయమ్మ సంగతి ఎందుకంత నాన్చుతూ రాశావో నాకు తెలియలేదు. మానేస్తే మానేసింది. మానేసింది, పొమ్మనలేదు, పొమ్మనలేదు, తనే పోయింది అని నాలుగు పంక్తుల్లో నాలుగుసార్లు అదే మాట అన్నావు. నాకు చెవి వినబడదు గానీ కళ్ళు కనబడతాయి.

నా చెవి గురించి ఈసారీ అడగలేదు. చెప్పాల్సిందీ లేదు.

మీ అన్నయ్య పక్కన కూర్చుని "అంత ఘాటుగా రాయకు" అంటున్నాడు. వినబడనట్టు రాస్తున్నాను.

వదిన

---

జూలై 15

వదినా,

నీ ఉత్తరం బ్యాగ్‌లో పెట్టుకుని నాలుగు రోజులు తిరిగాను. నువ్వు కోప్పడింది మొక్కల కోసం. నాకు తగిలింది మాత్రం ఆ నాలుగుసార్ల సంగతి. అబద్ధం రాశాను వదినా. ఆయమ్మ తనంతట తను మానలేదు. నేను తీయించాను.

జరిగింది చెబుతాను. నీ మొదటి ఉత్తరం వచ్చిన రెండో రోజు, పొద్దున పది గంటలు, హాలు నిండా జనం. డాక్టరమ్మగారు గదిలోంచి వచ్చేసరికి ఆయమ్మ నా కుండీ కింద పళ్ళెం తీసి నీళ్ళు వంచుతోంది. నేను కౌంటర్లోంచే లేచి, "చూశారా, తుడవాల్సిన చోట తుడవదు, ముట్టుకోవద్దన్నది ముడుతుంది. బకెట్ చూడండి, ఎంత మురికో. పురుగులన్నీ అందులోంచే" అన్నాను. అందరూ వింటుండగా. డాక్టరమ్మగారు ఆ బకెట్ చూశారు. నేల తుడిచిన నీళ్ళ బకెట్ మురిగ్గా కాక ఎలా ఉంటుంది? కానీ ఆవిడ అప్పటికే విసిగి ఉన్నారు. "ఇంత మురికి మనిషివి కళ్ళాసుపత్రిలో ఎందుకు, రేపటి నుంచి రాకు" అనేశారు. ఆయమ్మ నా వైపు చూసింది. నేను చీట్లు సర్దుకున్నాను. ఆవిడ పళ్ళెం గుడ్డతో తుడిచి, మళ్ళీ కుండీ కింద పెట్టి, వెళ్ళిపోయింది.

పోయిన గురువారం మా కళ్ళజోళ్ళాయన టీ తాగుతూ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఆయన సంగతి నీకు తెలుసుగా, మాట తక్కువ. జేబులోంచి భూతద్దం తీసి మనీ ప్లాంట్ కుండీలో మట్టి మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు. తర్వాత భూతద్దం నా చేతికిచ్చి పక్కకు జరిగాడు.

టీ పిప్పి మందంగా పేరుకుని తడితడిగా ఉంది. ఆ తడిలో తెల్లటి సన్నని పురుగులు, దారప్పోగు ముక్కల్లా, నల్లటి తలలతో కదులుతున్నాయి. ఒక చెంచాడు మట్టిలో ఎన్నో. పక్క కుండీలోనూ అంతే. ఎనిమిదింటిలోనూ అంతే. పళ్ళెంలో నీళ్ళ మీద పెద్ద నుసుములు నలుసుల్లా తేలుతున్నాయి. రోజూ రెండు పూటలా నేనే వాటికి మేత వేసి, నీళ్ళు పోసి పెంచాను. ఆయమ్మ ఉన్నన్నాళ్ళూ నీళ్ళు వంచేసి, నేను చూడనప్పుడు పై పిప్పి కాస్త ఎత్తేసి ఉంటుంది. అందుకే అప్పుడు తక్కువ ఉన్నాయి. ఆవిడ పోయాక ఆపేవాళ్ళు లేరు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను చీపురు మీద నేరం వేశాను. సిగ్గుతో తల తీసేసినట్టు ఉంది. కళ్ళజోళ్ళాయన ఇంకా ఎవరికీ చెప్పలేదు. అది మరీ కష్టంగా ఉంది. ఆయన చెప్పేస్తే నేను చెప్పక్కర్లేదు కదా అని రోజూ పొద్దున ఆయన మొహం వంక చూస్తున్నాను. చూడు, ఇప్పటికీ ఎలాంటి బుద్ధో నాది.

డాక్టరమ్మగారికి చెప్పాలి. ఆయమ్మకు చెప్పాలి. ఆవిడ ఇల్లు ఏ వీధిలోనో తెలుసు. రెండుసార్లు ఆ వీధి మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?

నువ్వు కోపంలో ఉన్నావు, జవాబు రాస్తావో రాయవో. నాకు ఇది చెప్పుకోవడానికి ఇంకెవరూ లేరు.

చిన్ని

---

జూలై 20

చిన్నీ,

నీ ఉత్తరం చదివి స్టవ్ మీద పాలు పొంగిపోయినా లేవలేదు. మీ అన్నయ్య వచ్చి కట్టేశాడు. "ఏమైంది" అంటే ఏమీ లేదన్నాను. ఆయనకు చెప్పే ముందు నీకు చెప్పాలి.

నీ మొదటి ఉత్తరం నాకు అందేసరికి నా వంటింటి కిటికీలో రెండు కుండీల నిండా నుసుములే. పాల గిన్నె మూత తీస్తే అందులో పడేవి. ఒక్క పురుగు ఉంటే ఒట్టు అని రాశానే, అది రాస్తున్నప్పుడు ఒకటి ఆ కాగితం మీదే వాలింది. ఊదేసి రాశాను.

అంతకు వారం ముందే బండి మీద మొక్కలమ్మేవాడిని అడిగాను. ముసలాయన. కుండీలో వేలు పెట్టి చూసి నవ్వాడు. "ఎండలో, ఆరుబయట అయితే ఈ పిప్పి ఎండి మట్టిలో కలిసిపోద్దమ్మా. గదిలో పెట్టి వేస్తే పురుగుకు పరుపు వేసినట్టే" అన్నాడు. పాతింట్లో నా కుండీలన్నీ మేడ మీద ఎండలో ఉండేవి. అందుకే పదిహేనేళ్ళు ఏమీ కాలేదు. అది నా చేతి గొప్ప కాదు, ఎండ గొప్ప. ఇంతమందికి నా టీ పిప్పి, నా టీ పిప్పి అని చెప్పుకుని, ఇప్పుడు ఒక బండివాడు తప్పని తేల్చాడని నీకు రాయడానికి చేయి రాలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నువ్వు అనని మాటకు నేనే ఉలిక్కిపడి, నేరం ఎక్కడికో తోసేయాలని ఆ చీపురు మాట రాశాను. బకెట్ చూడమన్నది నేనే. గట్టిగా చెప్పమన్నది నేనే. నువ్వు ఆ హాల్లో అన్న మాటలు నా మాటలు. తర్వాతి ఉత్తరంలో కోపం నటించాను. కోపంగా ఉంటే నువ్వు ఇంకేం అడగవని.

నా కుండీలు నీకు జవాబు రాసిన వారమే బాగుచేసుకున్నాను. నిజం నాకు తెలిసి, నా ఇల్లు శుభ్రం చేసుకుంటూ, నీకు మాత్రం పిప్పి ఇంకా వెయ్యమని రాశాను. నా నోటి మాటకు ఒక మనిషి కూడు పోయింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు, ఇందులో నీది పిడికెడు, నాది దోసెడు.

ఇప్పుడు చెప్పినట్టు చెయ్యి. పై మట్టి పిప్పితో సహా రెండు వేళ్ళ మందం తీసి పారెయ్యి, బయట. పైన పొడి ఇసుక పరుచు. మట్టిలో వేలు పెడితే రెండో కణుపు దాకా పొడిగా తగిలేవరకు నీళ్ళు పోయకు. పోసినా పళ్ళెంలో నిలవనివ్వకు. పసుపు రంగు అట్టముక్కలకు ఆముదం పూసి కుండీల్లో గుచ్చితే ఎగిరేవి వచ్చి అతుక్కుంటాయి. బంగాళాదుంప ముక్క మట్టి మీద బోర్లించి మర్నాడు తీసి చూడు, లోపలివి దానికి పట్టుకుంటాయి, దాన్ని పారెయ్యి. మూడు నాలుగు వారాలు పడుతుంది. విసుక్కోకు.

ఇదంతా ఆయమ్మ ఇంటికి వెళ్ళొచ్చాకే. ముందు అక్కడికి వెళ్ళు. ఏ మొహంతో వెళ్ళను అన్నావు. ఉన్న మొహంతోనే వెళ్ళు. ఈ ఉత్తరం తీసుకెళ్ళి ఆవిడకు చదివి వినిపించు, ఒక్క ముక్క వదలకుండా. నేను వచ్చి చెప్పాలి, బస్సు కుదుపు పడకూడదన్నారు.

మీ అమ్మ ఇచ్చిన మొక్క ఎవరికి ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు.

నీ వదిన

---

ఆగస్టు 3

వదినా,

వెళ్ళాను. ఆదివారం పొద్దున్నే, ఇంకోసారి ఆలోచిస్తే కాళ్ళు వెనక్కి తిరుగుతాయని.

మూడో అంతస్తు. తలుపు తనే తీసింది. "రండమ్మా" అంది, అంతే. ఒక గది, అందులోనే వంట. ఇప్పుడు ఒక బట్టల దుకాణంలో మెట్లు కడుగుతోందట, నాలుగు అంతస్తులు. మోకాలికి గుడ్డ చుట్టుకుని ఉంది. నేను దారి పొడుగునా వల్లించుకున్నవన్నీ మర్చిపోయాను. ఎందుకంటే వాళ్ళ కిటికీలో ఒక డబ్బాలో నీ మనీ ప్లాంట్ ఉంది. మా హాల్లో విరిగిపడిన కొమ్మ ఒకటి ఊడ్చేటప్పుడు తెచ్చుకుని నాటిందట. కిటికీ చువ్వల చుట్టూ అల్లుకుంది. మట్టి మీద ఇసుక. కింద పళ్ళెం, పొడిగా. ఒక్క పురుగు లేదు.

నేను దాన్నే చూస్తుంటే తనే అంది. "నీళ్ళు నిలవుంటే పురుగు చేరుద్దని మీకు మొదట్లోనే చెప్పానమ్మా. ఒకసారి కాదు, మూడుసార్లు. మీరు వినలేదు." కోపంగా అనలేదు. వాన వస్తుందన్నట్టు అంది.

అప్పుడు చెప్పాను, తప్పంతా నాదని. డాక్టరమ్మగారితో మాట్లాడి మళ్ళీ పనిలోకి తీసుకునేలా చేస్తానని కూడా అన్నాను, ఏదో నేను ఇస్తున్నట్టు. "పని దొరుకుద్దమ్మా, ఎక్కడైనా మురికి ఉంటుంది" అంది. "మా పక్కింటావిడ ఆ రోజు కళ్ళు చూపించుకోడానికి వచ్చి హాల్లో కూర్చుని ఉంది. మురికి మనిషి అన్నది విని ఇంటికొచ్చి చెప్పింది. మెట్లు ఎక్కుతుంటే ఇప్పుడు పిల్లలు కూడా చూస్తారు. మీరు ఇక్కడ నా ఒక్కదానికి చెప్తే ఏం లాభం? నలుగురిలో అన్నారు. నలుగురిలోనే చెప్పండి."

సరేనన్నాను. మెట్లు దిగి వీధిలోకి వచ్చాక గానీ ఏం ఒప్పుకున్నానో తెలియలేదు.

మంగళవారం చెప్పాను. పది గంటలకు, హాలు నిండా జనం ఉన్నప్పుడు. ఆవిడ పక్కింటామెను తోడు తెచ్చుకుని తలుపు దగ్గర కూర్చుంది. నేను కౌంటర్ వదిలి ఇవతలికి వచ్చాను. "ఈ హాల్లో పురుగులు నావల్ల వచ్చాయి. నేను వేసిన టీ పిప్పివల్ల, నేను నిలవపెట్టిన నీళ్ళవల్ల. ఆరేళ్ళుగా దీన్ని శుభ్రంగా ఉంచింది ఈవిడ. చెప్పింది, నేను వినలేదు. ఆ నేరం ఈవిడ మీద వేసి మీలాంటి వాళ్ళ ముందే మాట అనిపించాను" అన్నాను. డాక్టరమ్మగారు తన గుమ్మంలో నిలబడి విన్నారు. కళ్ళజోళ్ళాయన అద్దాలు తుడుస్తూ తల ఎత్తలేదు.

అప్పుడు చివరి బల్ల మీంచి ఒకాయన లేచాడు. ఆ దర్జీ, వదినా. రెండు నెలలు అయింది కదా, చెప్పిన తేదీకి వచ్చాడు. "అయితే అమ్మా, నా కళ్ళ ముందు ఎగిరినవి కూడా అవేనా?" అన్నాడు. అవునన్నాను. "అంటే నా కళ్ళు బాగానే ఉన్నాయా?" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. చూపు పోతుందనుకుని కుట్టుమిషను అల్లుడికి ఇచ్చేశాడట. రెండు నెలలుగా సూది ముట్టుకోలేదట. "ఇప్పుడు తిరిగి ఎలా అడగను? ఇచ్చినప్పుడు చాలా పెద్దగా మాట్లాడాను" అన్నాడు. ఆ రోజు ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. నామోషీ అని మానేశాను. సాయంత్రం ఆయన వెంట అల్లుడింటికి వెళ్ళి, తప్పు మాదని నేనే చెప్పాను. మిషను వెనక్కి వచ్చింది. అల్లుడు మాత్రం నన్ను అదోలా చూశాడు. చూడనీ.

డాక్టరమ్మగారు ఆయమ్మను అందరి ముందే లోపలికి పిలిచి తన పక్కన కుర్చీ వేయించారు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. నాతో మాత్రం మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు, "మొక్కలు ఉండనీ. కానీ వాటి విషయంలో ఆయమ్మ మాట ఫైనల్" అన్నారు.

నిన్నటి నుంచి ఆయమ్మ పనిలోకి వచ్చింది. దుకాణం వాళ్ళకు మాట ఇచ్చానని నెలాఖరు దాకా అక్కడ చేసి మరీ వచ్చింది. రాగానే కుండీలు చూసింది, నేను గుచ్చిన పసుపు అట్టలు చూసింది. నేను పరిచిన ఇసుక పలచగా ఉందని ఇంకో గుప్పెడు వేయించింది. అట్ట మీద నిన్న పదకొండు అతుక్కుని ఉన్నాయి, ఇవాళ కొత్తగా నాలుగే. పాత అలవాటు కొద్దీ టీ వడకట్టి పిప్పి గిన్నె పట్టుకుని కిటికీ వైపు నడిచాను. ఆవిడ ఎదురొచ్చి గిన్నె అందుకుంది. నాకు చెవులు కాలిపోయాయి.

ఆ ఆదివారం బయటికి తీయడానికి ధైర్యం చాలని నీ ఉత్తరాన్ని ఇవాళ మధ్యాహ్నం జనం లేనప్పుడు చదివి వినిపించాను. ఒక్క ముక్క వదల్లేదు. నీ ఒట్టు సంగతి, కాగితం మీద వాలిన నుసుము సంగతి, దోసెడు సంగతి, అన్నీ. బల్ల మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటూ వింది. నా మొదటి ఉత్తరాల్లో ఏముందని కూడా అడిగింది, గుర్తున్నంతా చెప్పాను; నువ్వు రాసినవీ అడిగింది. బ్యాగ్‌లోనే ఉన్నాయి, అవీ చదివాను. అంతా అయ్యాక ఏమంటుందోనని మొహం వంక చూస్తున్నాను. క్షమించానంటుందా, తిడుతుందా అని.

"పాపం, మీ వదినగారికి చెవి నొప్పి తగ్గిందా?" అంది.

నాకు తెలియదు వదినా. ఏప్రిల్‌లో నీకు ఆపరేషన్ అయింది. ఇది నేను రాస్తున్న నాలుగో ఉత్తరం. మూడింటిలో ఒక్కసారీ అడగలేదు. రెండుసార్లు నువ్వే గుర్తు చేశావు, అయినా అడగలేదు. నిన్ను ఎన్నడూ చూడని మనిషి, నీ మాటవల్ల పని పోగొట్టుకున్న మనిషి, అడిగింది.

చెవి ఎలా ఉంది వదినా? ఆ ఈల ఇంకా వినబడుతోందా? వివరంగా రాయి. వింటాను.

చిన్ని